యంత్రం చదివే మాట, ఊరు వినే మాట: సామాజిక మాధ్యమాల నియంత్రణపై ఆదోని ప్రాంత భాష దృష్టితో విమర్శ

కర్నూలు జిల్లా హొళగుంద మండలంలోని దేవరగట్టు కొండపై ఏటా విజయదశమి నాటి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం జరుగుతుంది. ఆ తరువాత దివిటీల వెలుగులో ఉత్సవమూర్తులను కొండ దింపుతారు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాసులు ఆ మూర్తులకు కాపుగా కర్రలు పట్టి నిలుస్తారు. చుట్టుపక్కల ఊళ్లవారు మూర్తులను తమ వైపు తిప్పుకోవడానికి కర్రలతోనే ఎదురు వస్తారు. తలలు పగులుతాయి. గాయపడినవారు ఆలూరు, ఆదోని ఆసుపత్రులకు చేరుతారు. కొన్ని సంవత్సరాల్లో ప్రాణాలూ పోయాయి. పాల్గొనేవారు దీనిని 'బన్ని' అంటారు. కన్నడంలో బన్ని అంటే జమ్మిచెట్టు. పత్రికలు 'కర్రల సమరం' అంటాయి. చేతిఫోనులో చిత్రించిన ఆ దృశ్యం ఫేస్‌బుక్‌కో యూట్యూబ్‌కో చేరినప్పుడు దానికి మూడో పేరు సిద్ధంగా ఉంటుంది: హింసాదృశ్యం.

ఈ మూడు పేర్లలో ఏదీ అబద్ధం కాదు. కారిన రక్తం నిజమైనదే. అయితే మొదటి పేరు పెట్టినవారు ఆ కొండ కింది ఊళ్లవారు, రెండో పేరు పెట్టినవారు బయటి నుంచి వచ్చి చూసినవారు, మూడో పేరు పెట్టేది ఎవరో ఆ ఊళ్లకు తెలియదు. సామాజిక మాధ్యమాల్లో భావస్వేచ్ఛ గురించిన చర్చ సాధారణంగా 'నియంత్రణ ఎక్కువా, తక్కువా' అనే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం వంటి బహుభాషా సీమ నుంచి చూస్తే అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉంది. మాటను తొలగించడానికీ, ఉంచడానికీ, కేసు పెట్టడానికీ ముందు దానిని చదువుతున్నది ఎవరు, ఏ భాషలో చదువుతున్నారు? రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం కింద మాట్లాడే హక్కు ఉన్నవాడికి, తన మాటను తన భాష తెలిసినవారి చేత చదివించుకునే హక్కు ఉందా? ప్రస్తుత చట్టాలనూ సంస్థల నిబంధనలనూ పాఠ్యాలుగా తీసుకొని ఈ ప్రశ్నతో పరిశీలించడం ఈ వ్యాసం చేసే పని.

మూడు భాషల కూడలి

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాలో ఉండేవి. భాష ప్రాతిపదికన గీసిన సరిహద్దు కన్నడాన్ని ఆవలికి పంపలేదు. బిజాపూరు ఆదిల్‌షాహీల ఏలుబడి నాటి నుంచి పాతుకున్న దక్కనీ ఉర్దూ కూడా ఇక్కడి బజారులో బతికే ఉంది. పత్తి మార్కెట్లో ఒకే బేరం మూడు భాషల మీదుగా నడవడం ఇక్కడివారికి వింత కాదు. ఒకే నోట 'ఏమప్పా' అనే సంబోధన, దక్కనీ 'నక్కో', కన్నడ క్రియారూపం వరుసగా రాగలవు. ఈ నోటి మాటే ఇప్పుడు తెరమీదికి ఎక్కింది. ఎక్కువ సందర్భాల్లో రోమను లిపిలో, ఎవరికి తోచిన వర్ణక్రమంలో ఎక్కింది.

తిట్ల సంగతి చూస్తే చదివే పని ఎంత కష్టమో తెలుస్తుంది. తెలుగులో 'నా కొడకా', కన్నడంలో 'నన్ మగనే' అనే మాటలకు నిఘంటువు చెప్పే అర్థం ఒకటే, 'నా కుమారుడా' అని. వాడుకలో రెండూ తిట్లు. అదే సమయంలో రెండూ గాఢమైన స్నేహ సంబోధనలు. తిట్టా, చనువా అన్నది స్వరం చెప్పాలి, వరస చెప్పాలి, ఇద్దరి మధ్య గతం చెప్పాలి. పదానికి పదం తర్జుమా చేసుకొని చదివే యంత్రానికి ఇవి వాత్సల్యపు మాటలు. అసలైన దూషణ దాని కంటబడకుండా జారిపోతుంది. 'నీ దుంప తెగ', 'నీ కడుపు కాల' అనే నుడికారాలది సరిగ్గా తలకిందుల స్థితి. ముసలమ్మ మనవడి అల్లరికి మురిసి అనే 'నీ దుంప తెగ' తర్జుమాలో నాశనం కోరే మాట అవుతుంది. ఒకే పాఠకుడు ఒకే వాక్యసముదాయంలో దోషిని వదిలి నిర్దోషిని పట్టుకోగలడని చెప్పడానికి ఇంతకంటే దూరం వెళ్లనక్కరలేదు.

'మాల' అనే పదాన్ని తీసుకుంటే చిక్కు ఇంకా ముదురుతుంది. అది పూలదండ. అయ్యప్ప దీక్ష తీసుకున్నవాడు 'మాల వేసుకున్నాను' అంటాడు. అది షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్న ఒక కులం పేరు కూడా. రోమను లిపిలో రాస్తే దీర్ఘం పోయి 'మల' అనే కొండ కూడా అందులోనే కలుస్తుంది. లకార ళకారాల భేదం పోయి దేవరగట్టు దేవుడి పేరులోని 'మాళ' సైతం అదే రూపం ధరిస్తుంది. దండ, కొండ, దేవుడు, కులం నాలుగూ ఒకే అక్షరాల వరుసలో ఉన్నప్పుడు నిషిద్ధ పదాల జాబితా ఏం చేయగలదు? పదాన్ని పట్టుకుంటే దేవుడి ఉత్సవం పోతుంది. వదిలేస్తే కులదూషణ మిగులుతుంది.

కులనామాల విషయంలో సందిగ్ధం లిపితో ముగియదు. దళిత ఉద్యమం కులనామాన్ని అవమానచిహ్నం నుంచి ఆత్మగౌరవ ప్రకటనగా మార్చింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం తరువాత తమ పేరు చివర 'మాదిగ' అని రాసుకోవడం రాజకీయ చర్య అయింది. 1995లో వెలువడిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం చదివినవారికి, ఒకరి నోట దూషణ అయిన పదమే మరొకరి కలంలో ఎలా ఆయుధమవుతుందో విడమరచి చెప్పనవసరం లేదు. షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం పదాల జాబితా ఇవ్వలేదు. ఎవరు, ఎవరిని, ఏ ఉద్దేశంతో, ఎక్కడ అన్నారని అడిగింది. బహిరంగంగా కులం పేరుతో దూషించడాన్ని నేరం చేసే 3(1)(ఎస్) సెక్షను దూషించినవాడు ఆ వర్గాలకు చెందనివాడై ఉండాలని షరతు పెడుతుంది. మాట కంటే ముందు వక్తను చూడడం ఇందులోని వివేకం. మెటా సంస్థ ద్వేషప్రసంగ నిబంధనలు కులాన్ని రక్షిత లక్షణంగా గుర్తిస్తాయి, తమ వర్గం గురించి తామే వాడుకునే మాటలకు మినహాయింపూ ఇస్తాయి. నిబంధనగా అది సరైనదే. కానీ వక్త ఏ వర్గమో, తనను తాను అనుకుంటున్నాడో ఎదుటివాడిని అంటున్నాడో తేల్చవలసింది ఆ యాస తెలియని పాఠకుడు.

షహీద్ అనే ఒక్క మాట

ఈ సమస్యకు ప్రపంచ స్థాయిలో ఒక పరీక్ష జరిగింది. మెటా నిర్ణయాలను సమీక్షించే ఓవర్‌సైట్ బోర్డు 2024 మార్చిలో 'షహీద్' అనే పదంపై అభిప్రాయం వెలువరించింది. ప్రమాదకర వ్యక్తులుగా సంస్థ గుర్తించినవారి గురించి ఆ పదం వాడితే, సందర్భంతో నిమిత్తం లేకుండా దానిని ప్రశంసగానే పరిగణించి తొలగించే విధానం అప్పటికి అమలులో ఉంది. మెటా వేదికలపై మరే ఒక్క పదం వల్లా జరగనన్ని తొలగింపులు ఈ పదం వల్ల జరుగుతున్నాయని బోర్డు గుర్తించింది. ఆ గంపగుత్త నిషేధాన్ని ఎత్తివేయమని కోరింది. అదే ఏడాది జూలైలో మెటా అంగీకరించింది. అంతకు రెండేళ్ల ముందు, 2022 జూన్‌లో, అరబ్బీలో కించపరిచే పదాలను తమవిగా మలచుకుంటూ పెట్టిన ఒక ఇన్‌స్టాగ్రామ్ పోస్టు తొలగింపును కూడా బోర్డు తప్పుపట్టింది.

అరబ్బీకి జరిగినది ఆదోనికి ఎందుకు పట్టాలి? షహీద్ దక్కనీలో నిత్యవ్యవహార పదం. సరిహద్దులో మరణించిన సైనికుడు షహీద్. భగత్‌సింగ్ షహీద్. రాయలసీమ పల్లెల్లో హిందువులూ ముస్లిములూ కలిసి జరుపుకునే పీర్ల పండుగ మొత్తం కర్బలాలో హుసేను పొందిన షహాదత్ చుట్టూ అల్లుకున్నది. ఇంత అర్థవిస్తృతి గల పదాన్ని ఒక భద్రతా జాబితా ఒకే అర్థానికి కుదించింది. పీర్ల పాటలు ఆ జాబితా పరిధిలోకి వచ్చేవి కావు, నిజమే. కుదింపు పద్ధతి మాత్రం అదే. అరబ్బీ విషయంలో దానిని సరిదిద్దడానికి ఫిర్యాదులు, పరిశోధనలు, ఒక సమీక్షా మండలి కావలసి వచ్చాయి. తెలుగు, కన్నడ, దక్కనీ కలిసిన ఒక జిల్లా పడమటి అంచు భాషకు అంత వకాల్తా ఎవరు పుచ్చుకుంటారు?

నిషేధపు ఉత్తర్వు, మౌనపు తొలగింపు

తెలుగు సాహిత్యానికి నిషేధం కొత్త కాదు. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రచురించగా, అశ్లీలమని మద్రాసు ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకుంది. ఆదోని నాడు ఆ ప్రభుత్వం కిందే ఉంది. ఆ వ్యవహారంలో ప్రభుత్వ అనువాదకుని అభిప్రాయం కీలకమైంది. పద్యం తెలియని అధికారి అనువాదకుడి కళ్లతో చదివి తీర్పు చెప్పడమన్న మాట! నేటి యంత్రానికి ఇది పూర్వరూపం. అయినా ఒక తేడా ఉంది. నాటి నిషేధానికి ఉత్తర్వు ఉంది, పేరు ఉంది, కారణం ఉంది. పండితులు దానిపై విజ్ఞాపనలు పంపగలిగారు, చివరకు టంగుటూరి ప్రకాశం చొరవతో నిషేధం తొలగింది. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' విషయంలోనూ పోరాటం ఒక ప్రభుత్వ ఉత్తర్వుతోనే. సాహిత్య విమర్శకు ఉత్తర్వు కూడా ఒక పాఠ్యం, దానిని ఖండించవచ్చు. నేటి తొలగింపు చాలాసార్లు ఒక వాక్యం కంటే ఎక్కువ వదలదు. పోస్టును తొలగించకుండా ఎవరికీ కనబడకుండా కిందికి నెట్టినప్పుడు ఆ వాక్యం కూడా మిగలదు. ఖండించడానికి ఎదురుగా ఏమీ ఉండదు.

ఈ లోటును చట్టం గుర్తించలేదనడం అన్యాయం. 2021 ఫిబ్రవరి 25 నాటి సమాచార సాంకేతిక నియమాలు 50 లక్షలకు మించి నమోదైన వాడుకరులున్న వేదికలపై కొన్ని బాధ్యతలు మోపాయి. ఫిర్యాదును 24 గంటల్లో స్వీకరించినట్లు తెలపాలి, పరిష్కారానికి అవి మొదట 15 రోజుల గడువు పెట్టాయి. తమంతట తాముగా ఒక పోస్టును తొలగించే ముందు 4(8) నియమం ప్రకారం వాడుకరికి కారణాలు తెలపాలి, వాదించుకునే అవకాశం ఇవ్వాలి. 2022 అక్టోబరు సవరణ అప్పీలు కమిటీలను ఏర్పరచింది. అంతేకాదు, వేదికల నియమావళిని ఇంగ్లీషులో గానీ, ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో వాడుకరి కోరుకున్న దానిలో గానీ అందుబాటులో ఉంచాలన్నది. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఆ షెడ్యూలులో ఉన్నాయి.

విమర్శకుడు ఆగవలసిన చోటు ఇదే. చట్టం నిబంధనలను తెలుగులో చదువుకునే వీలు కల్పించింది. తెలుగు మాటను తెలుగు తెలిసినవారే చదివి తీర్పు చెప్పాలని మాత్రం ఎక్కడా అనలేదు. కారణాలు తెలపాలన్నది గానీ వాడుకరి భాషలో తెలపాలనలేదు. భాషను చట్టం సమాచారం చేరవేసే గొట్టంగా చూసింది. అర్థం పుట్టే చోటుగా చూడలేదు. ఎమ్మిగనూరు నేతపనివాడికి 'మీ పోస్టు మా ప్రమాణాలకు విరుద్ధం' అనే వాక్యాన్ని చక్కని తెలుగులో పంపినంత మాత్రాన, అతడి వాక్యాన్ని చక్కగా చదివినట్టు కాదు. ఆ తెలుగు కూడా చాలావరకు తర్జుమా తెలుగే అన్నది వేరే సంగతి.

పోలీసు పఠనం

వేదిక ఒక్కటే పాఠకుడు కాదు. రాజ్యం కూడా చదువుతుంది, దాని చేతిలో అరెస్టు ఉంది. సమాచార సాంకేతిక చట్టం 66ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది. ఆ ధర్మాసనంలోని ఇద్దరిలో ఒకరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. చిరాకు, అసౌకర్యం కలిగించే మాట వంటి నిర్వచనానికి అందని పదాలతో నేరాన్ని నిర్మించలేరన్నది ఆ తీర్పు సారం. ఒక విధంగా అది భాషా విమర్శే. అయినా కొట్టివేసిన సెక్షను కింద కేసులు కొనసాగడంతో 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. సెక్షన్లు మారినా పఠన పద్ధతి మారలేదు. 2020 మేలో విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్ విషవాయు దుర్ఘటనపై ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు లేవనెత్తినందుకు గుంటూరుకు చెందిన ఒక వృద్ధ మహిళకు రాష్ట్ర సీఐడీ నోటీసు ఇచ్చింది. ప్రశ్నను కుట్రగా చదివితే ఏమవుతుందో ఆ సంఘటన చూపింది. రాష్ట్రంలో ప్రభుత్వాలు మారినప్పుడల్లా నిందితుల పార్టీ మారింది, కేసుల వరద మారలేదు.

ఈ నేపథ్యంలో 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో వెలువడిన తీర్పు సాహిత్య విద్యార్థులు ప్రత్యేకంగా చదవదగినది. ఇన్‌స్టాగ్రామ్ వీడియోలో వినిపించిన ఒక ఉర్దూ కవితపై గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో నమోదైన కేసును జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భూయాన్‌ల ధర్మాసనం కొట్టివేసింది. మాటల ప్రభావాన్ని ప్రతి విమర్శలోనూ అపాయాన్నే చూసే బలహీన మనస్కుల కొలతతో గాక, వివేకవంతుల కొలతతో తూచాలన్నది. కేసు నమోదుకు ముందు అధికారి ఆ మాటలను చదివి లేదా విని అర్థం తెలుసుకోవాలన్నది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే ఇలాంటి నేరాల్లో ప్రాథమిక విచారణకు వీలిచ్చే బీఎన్ఎస్ఎస్ 173(3)ను గుర్తుచేసింది. 2025 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, సామాజిక మాధ్యమ కేసుల్లో యాంత్రికంగా రిమాండుకు పంపవద్దని, ఈ తీర్పును పాటించాలని మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ జారీ చేసింది. కవితను కవితగా చదవమని పోలీసు స్టేషనుకు న్యాయస్థానం చెప్పవలసి రావడం తెలుగు శాఖలు గమనించవలసిన విషయం. కానీ ఆ స్టేషనుకు బదిలీపై వచ్చిన అధికారికి ఆదోని యాస ఎంత పరిచయమో తీర్పు చెప్పజాలదు.

వదిలేయడమూ చదవకపోవడమే

ఇంతవరకు చెప్పినది నియంత్రణ వద్దనే వాదంగా తోచవచ్చు. అది కాదు. 2022 ఏప్రిల్ 16న హనుమజ్జయంతి ఊరేగింపు సందర్భంగా ఇదే హొళగుందలో రాళ్లు రువ్వుకున్నారు. అటువంటి రాత్రి ఒక పుకారు ఎంత పని చేయగలదో ఆ ప్రాంతవాసులకు తెలుసు. ద్వేషం కూడా యాసలోనే మాట్లాడుతుంది. ఊరు తెలిసినవాడికే తగిలే సూచనలు, వీధి పేర్లు, ఎకసెక్కాలు దానికి ముసుగు. 2021లో బయటపడిన ఫేస్‌బుక్ అంతర్గత పత్రాలు హిందీ, బంగ్లా భాషల్లోనే ద్వేషాన్ని పసిగట్టే సాధనాలు కొరవడ్డాయని చూపాయి. కోట్లాది మంది మాట్లాడే హిందీ స్థితి అదైతే పశ్చిమ కర్నూలు తెలుగు స్థితిని ఊహించుకోవచ్చు.

అజ్ఞానం ఒక్కటే కారణమనుకోవడం కూడా అమాయకత్వం. హైదరాబాదు గోషామహల్ శాసనసభ్యుడు రాజాసింగ్ ఖాతాను ఫేస్‌బుక్ 2020 సెప్టెంబరులో నిషేధించింది. ఆయనపై నిబంధనలు వర్తింపజేయడానికి సంస్థ భారత విభాగంలోని ఉన్నతాధికారి అడ్డుపడ్డారని వాల్‌స్ట్రీట్ జర్నల్ ఆగస్టులో బయటపెట్టిన తరువాతే ఆ చర్య వచ్చింది. ఇక్కడ యంత్రానికి భాష రాకపోవడం కాదు, చదివినవారు చదవనట్టు ఉండడం జరిగింది. బలవంతుడి మాటను చదవకుండా వదిలి, బలహీనుడి మాటను చదవకుండా తొలగించే చోట రెంటికీ మూలం ఒక్కటే. ఇక 2022 మేలో అమలాపురం అల్లర్ల తరువాత కోనసీమలో చేసినట్టు రోజుల తరబడి అంతర్జాలాన్నే ఆపివేయడం నియంత్రణలో అతి మోటు రూపం. అది చదవడానికి ప్రయత్నమే చేయదు.

బన్ని విషయంలోనూ ఇదే జరుగుతుంది. దృశ్యాలకు హెచ్చరిక తెర కట్టడం, 18 ఏళ్లలోపు వారికి చూపకపోవడం సమంజసమే. తొలగిస్తే నష్టపోయేది భక్తుడొక్కడే కాదు. ఈ ఆచారంలో హింస ఆగాలని ఏళ్ల తరబడి కోరుతున్నవారికి ఆ వీడియోలే సాక్ష్యం. ఎవరి కర్రకు ఎవరి తల పగిలిందో తేల్చవలసిన దర్యాప్తుకూ అవే ఆధారం.

తెలుగు శాఖల వాటా

తప్పంతా సంస్థలపై నెట్టడం తెలుగు పరిశోధనకు సుఖంగానే ఉంటుంది. యంత్రం ఏ పాఠ్యాల నుంచి నేర్చుకుంటుందో ఆ పాఠ్యాల కొరతలో విశ్వవిద్యాలయాల వాటా ఎంత? భద్రిరాజు కృష్ణమూర్తి రూపొందించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. నేతగాడి పనిముట్ల పేర్లను ఊరూరా తిరిగి సేకరించిన ఆ కృషికి సాటి తక్కువ. అదే నేతగాడు పోగు తెగినప్పుడు అనే తిట్టును ఏ సంపుటానికెక్కించాలన్న ప్రశ్న మాత్రం వృత్తిపదాల పరిధికి వెలుపలే ఉండిపోయింది. తిట్లు, ఎత్తిపొడుపులు, చనువు సంబోధనలు, కులసూచకాలు సభామర్యాదకు నిలవవని మన మాండలిక అధ్యయనం వాటిని అంచుకు నెట్టింది. ఈ అంచునే ఇప్పుడు యంత్రం తీర్పరిగా తిరుగుతోంది.

పదం, దాని నిఘంటు అర్థం, అనేవారి వయసు, వరస, కులం, వినేవారితో చనువు, స్వరభేదం, ఏ సందర్భంలో నేరంగా వినబడుతుంది, ఏ సందర్భంలో నవ్వు తెప్పిస్తుంది అన్న వివరాలతో ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు మండలాల దూషణ పదకోశం ఒకటి తయారైతే, దానితో మొదట పని పడేది భాషాశాస్త్రానికే కాదు. నోటీసు అందుకున్నవాడి తరఫున మేజిస్ట్రేటు ముందు నిలబడే న్యాయవాదికి అది సాక్ష్యంగా పనికివస్తుంది, అప్పీలు కమిటీకి రాసే లేఖలో ఆధారమవుతుంది. నిజమైన ద్వేషాన్ని 'మా యాసలో అది మామూలే' అని కప్పిపుచ్చేవాడిని పట్టుకోవడానికీ ఆ కోశమే కావాలి.